ఆషాఢంలో పుట్టగొడుగుల పంచాయితీ

ఆ రోజుల్లో బాటనీ చదివినవాడికి చెట్టూ చేమా గురించి తెలియనిది ఉండదని జనం నమ్మేవారు. బాటనీ చదివిన మేము కూడా ఆ నమ్మకాన్ని చెడగొట్టే పని ఎన్నడూ పెట్టుకోలేదు. దారిలో ఎవరైనా ఒక మొక్క చూపించి పేరడిగితే, నోటికొచ్చిన లాటిన్ పేరు ఒకటి కాస్త గట్టిగా చెప్పేస్తే చాలు, అడిగినవాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు. లాటిన్‌లో ఉన్న సౌకర్యమే అది, తప్పని చెప్పేవాడు చుట్టుపక్కల మండలాల్లో దొరకడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో, ఈ మాత్రం పాండిత్యంతోనే నేను పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందులో గది తీసుకుని ఉండేవాణ్ణి. నాకు తెలిసినదానికీ తెలియనిదానికీ మధ్య ఎంత దూరముందో కొలిచే అవసరం పెళ్ళయ్యేదాకా రాలేదు.

పుట్టగొడుగులతో నా పరిచయమైతే పూర్తిగా కాగితం మీద జరిగింది. డిగ్రీలో ఆ బొమ్మ గీయడంలో నన్ను మించినవాడు లేడు. పైన గొడుగు, దాని కింద పొరల వరసలు, కాడ, కాడకు ఉంగరం, అన్నిటికీ స్కేలు పెట్టి బాణాలు గీసి పేర్లు రాస్తే పేపర్లు దిద్దేవాళ్ళు ముచ్చటపడి మార్కులు వేసేవారు. అసలు వస్తువును మాత్రం మా ల్యాబులో సీసాలోనే చూశాను. ఎవరి కాలంలో వేశారో, ఫార్మలిన్‌లో నాని నాని గోధుమరంగుకు తిరిగి, గొడుగు ఎటో కాడ ఎటో తెలియకుండా అడుగున కూర్చుని ఉండేది. సీసా మీది చీటీ ఊడిపోవడంతో ఒక ఏడాది జువాలజీ వాళ్ళు అది తమదేనని పట్టుకుపోయి, పరీక్షలు అయ్యాక తిరిగి ఇచ్చారు. (పిల్లలకు దాన్ని ఏమని చూపించారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.) పోనీ ఇంట్లో తిని ఎరుగుదునా అంటే అదీ లేదు. మాది రాజోలి దగ్గర, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. చేపలు చూసి ఏ చేపో చెప్పమంటే చెబుతాం గానీ, పుట్ట మీద లేచినదాన్ని తెచ్చి వండుకునే అలవాటు మా వైపు తక్కువ.

అలాంటి నాకు ఆ వేసవిలో పెళ్ళయింది. మా ఆవిడది తెలకపల్లి అవతల, గుట్టలకూ అడవికీ ఆనుకుని ఉన్న ఒక ఊరు. పెళ్ళయి, ఒకరినొకరం పేరు పెట్టి పిలవాలా వద్దా అని తేల్చుకునేలోపే ఆషాఢం వచ్చి పడింది. కొత్త కోడలు ఆషాఢమంతా పుట్టింట్లోనే ఉండాలి. అత్తా అల్లుడూ ఆ నెలలో ఒకే గడప దాటకూడదు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు. ఇదంతా శాస్త్రం అని మా అమ్మ చెప్పింది. ఏ శాస్త్రమో చెప్పమంటే, శాస్త్రం చెప్పేవాడివి నువ్వు కదా, నన్నడుగుతావేం అంది. నాకు మా ఆవిణ్ణి చూడాలని ఉండేది. దీన్ని ఇంకొంచెం అందంగా చెప్పడం నాకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. క్లాసులో బోర్డు వైపు తిరిగి ఆకు బొమ్మ గీస్తూ గీస్తూ ఆగిపోయేవాణ్ణి, పిల్లలేమో సారు తర్వాతి భాగం పేరు మర్చిపోయాడు అనుకునేవారు (ఒక్కోసారి అది కూడా నిజమే).

ఫోన్ ఉండేది గానీ అది మామగారి ఫోన్. నడింట్లో, ఆయన మంచం పక్కన, ఆయన చేయి చాపితే అందేంత దూరంలో ఉండేది. సాయంత్రం ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి చేస్తే ముందు ఆయనే ఎత్తేవారు. "ఆఁ అల్లుడా, గద్వాల్ల వాన వడ్డదా?" అనేవారు. పడలేదంటే మా దగ్గరా పడలేదని, పడిందంటే మా దగ్గర పడలేదని చెప్పి, విత్తనాల సంగతీ ఎరువుల సంగతీ వివరించి, చివరికి గుర్తొచ్చినట్టు మా ఆవిడకు ఇచ్చేవారు. "బాగున్నరా?" అనేది ఆమె. "బాగున్నా, నువ్వు?" అనేవాణ్ణి. "బాగున్న. అన్నం తిన్నరా?" అనేది. తిన్నాననేవాణ్ణి. ఆ తర్వాత ఇద్దరం మాట్లాడకుండా ఊరుకుంటే, ఆ నడింట్లో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకోవడం నాకు గద్వాలలో వినిపించేది. మర్నాడు మళ్ళీ ఇదే సంభాషణ.

ఇలా సగం ఆషాఢం గడిచాక, ఒక రోజు పొద్దున కాలేజీ ఆఫీసుకు నా పేర ఫోన్ వచ్చింది. మామగారు. ఆయనంతట ఆయన ఫోన్ చేయడం అదే మొదలు కాబట్టి ఇంట్లో ఎవరికేమైందో అనుకున్నాను. "అల్లుడా, ఇంట్ల ఒక పరేషాన్ వచ్చింది," అన్నారు. "రాత్రి గట్టి వాన వడ్డది. పొద్దుగాల్ల గుట్ట కిందికి పోతె పుట్టల కాడ గొడుగులు మస్తు లేసినయ్. తట్ట నిండ తెచ్చిన. మీ అత్త చూసి ఇండ్ల కుక్కగొడుగులు ఉన్నయ్, నేను పొయ్యి మీద వెట్టనంటుంది. నేను పోరగాన్నప్పటి సంది తెంపుతున్న. నాకు తెల్వదా? నా పెండ్లాం పిల్లలకు నేనే విషం తెచ్చి పెడ్తనా?" తినడానికి పనికిరాని పుట్టగొడుగుల్ని కుక్కగొడుగులంటారని నాకూ తెలుసు, నా జ్ఞానం అక్కడితో సరి. వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది. "లొల్లి ఎందుకు? ఇంట్ల ఆ సదువు సదివిన అల్లుడు ఉన్నడు గదా. అడుగున్రి." మామగారు నిట్టూర్చి, "నువ్వే చెప్పు అల్లుడా, తినొచ్చా వద్దా?" అన్నారు.

నేను గొంతు సవరించుకుని రంగు ఏమిటని అడిగాను. తెల్లగున్నది అన్నారు. ఆకారం ఎలా ఉందన్నాను. గొడుగు లెక్క ఉన్నది అన్నారు. నా శాస్త్రం అక్కడితో అయిపోయింది. కానీ ఆ క్షణంలోనే, నా జీవితంలో అంత చురుగ్గా ఎన్నడూ పని చేయని నా బుర్ర ఒక్కసారిగా పని చేసింది. "మామా, చూడకుండా చెప్పడం ప్రమాదం. ప్రాణాలతో వ్యవహారం. నేనే వచ్చి చూడాలి," అన్నాను. "గని ఆషాడం గదా అల్లుడా," అన్నారు మామగారు. తట్టను ఎవరూ ముట్టుకోవద్దని, ఏ సంగతో ఆలోచించి చెప్పమని, నాకు మాత్రం తొందరేమీ లేనట్టుగా ఫోన్ పెట్టేసి, ఆ ఫోన్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆ గంటలో అక్కడ పంచాయితీ నడిచిందట. తీర్పు చెప్పింది కోర్టు తాత. ఆయన మామగారికి చిన్నాయన వరస, జీవితమంతా ఒక పొలం గట్టు తగాదా మీద నాగర్‌కర్నూల్ కోర్టుకు తిరిగినవాడు. గట్టు రాలేదు గానీ న్యాయం మాట్లాడే పద్ధతి వచ్చింది. అందుకే ఊళ్ళో ఆయనకా పేరు. ఆయన చెప్పినదాన్ని మామగారు నాకు ఫోన్‌లో మాట పొల్లుపోకుండా అప్పజెప్పారు. "గడప దాటొద్దన్నరు గని ఊరికి రావొద్దని ఎవరన్నరు? అరుగు గడపకు బయట ఉంటది. అరుగు మీద కూసుంటె తప్పు లేదు. మొకం చూడొద్దన్నరు, అత్త తలుపు ఎనక ఉంటది. మాట ఇనొద్దని యాడ లేదు. ఇంగ పిల్ల అంటరా, పిల్ల అత్త కాదు గదా." ఈ చివరి వాక్యం విన్నప్పుడు నేను గద్వాల నుంచే కోర్టు తాత కాళ్ళకు మనసులో మొక్కాను.

బయలుదేరే ముందు స్టాఫ్ రూములో విషయం చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. మా దగ్గర ఎమ్మెస్సీలు చాలామంది ఉండేవారు, ఒక్కొక్కరూ ఒక్కో పరీక్ష చెప్పారు. గొడుగుతో పాటు వెండి ఉంగరం వేసి ఉడికించు, నల్లబడితే విషం అన్నారు ఫిజిక్స్ సార్. ఉల్లిపాయ వేసి చూడమన్నారు కెమిస్ట్రీ సార్. పురుగు తొలిచి ఉంటే మనిషి నిర్భయంగా తినొచ్చు, పురుగుకు మనకన్నా తెలివెక్కువ అన్నారు జువాలజీ సార్. (ఇందులో ఒక్కటీ పనికిరాదని తర్వాత పుస్తకాల్లో చదివాను. వెండి తళతళలాడుతూనే ఉంటుందట, తిన్నవాడే నల్లబడతాడట.) ప్రిన్సిపాల్ గారు అంతా విని, "అందరూ బాగుంటే మన కాలేజీ పేరు చెప్పు. ఏమైనా తేడా వస్తే చెప్పకు," అన్నారు. ఉర్దూ చెప్పే సాబ్ ఒక్కరే నన్ను పక్కకు పిలిచి, "ఎందుకు భాయ్ ఇదంతా? తినొద్దని చెప్పి రా. తినొద్దన్నోణ్ణి ఎవడూ దవాఖాన్ల చేర్చడు," అన్నారు. అది నిజంగా తెలివైన సలహా. అందులో ఒక్కటే చిక్కుంది.

ఆ చిక్కేమిటో బస్సులో కూర్చున్నాక నాకు పూర్తిగా అర్థమైంది. తినొద్దంటే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అల్లుడికి చాయ్ ఇచ్చి సాయంత్రం బస్సు ఎక్కించేస్తారు. తినొచ్చంటే మొదటి ముద్ద నా నోట్లోనే పెడతారు, ఆ తర్వాత మా ఆవిణ్ణి చూసే యోగం ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. నాకు కావలసింది తినొచ్చనీ కాదు, తినొద్దనీ కాదు, బాగా ఆలస్యంగా వచ్చే ఒక జవాబు. వనపర్తిలో బస్సు మారి, నాగర్‌కర్నూల్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంచిలోంచి డిగ్రీ పుస్తకం తీశాను. నేను అంత బాగా గీసిన బొమ్మ కిందనే, సన్న అక్షరాల్లో, పరీక్షల్లో ఎన్నడూ అడగరు కాబట్టి నేనెన్నడూ చదవని ఒక పేరా ఉంది. పుట్టగొడుగు కాడ కోసేసి, గొడుగును తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. పొద్దునకు పొరల్లోంచి సిద్ధబీజాలు పొడిలా రాలి కాగితం మీద అచ్చు పడుతుంది. ఆ అచ్చు రంగును బట్టి జాతి తెలుస్తుంది. నేను ఆ పేరాలో 'ఒక రాత్రి' అన్న మాట దగ్గర ఆగి, పుస్తకం మూసి కళ్ళకద్దుకున్నాను.

నేను చేరేసరికి పొద్దు గుట్ట మీదికి వాలింది. అరుగు మీద కొత్త దుప్పటి పరిచారు. వీధిలో సగం మంది అప్పటికే వచ్చి కూర్చున్నారు. గడప దగ్గర కోర్టు తాత చేతికర్ర అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు, నేను కాలు జారి లోపల పడతానేమోనని. అత్తగారు తలుపు వెనక ఉన్నారు. గాజుల చప్పుడు తప్ప ఏమీ కనబడదు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడకుండా, "అల్లుడు కాళ్ళు కడుక్కున్నడా అడుగు," "చాయ్ల చక్కెర సాలినదా అడుగు," అని గాలికి చెబితే, ఆ మాటను మామగారు నాకు అందించేవారు, నేను రెండడుగుల దూరం నుంచి విన్నదాన్నే మళ్ళీ విని జవాబు చెప్పేవాణ్ణి. ఇక మా ఆవిడ తట్ట పట్టుకుని గడప దాటి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. కొంచెం చిక్కినట్టనిపించింది. తట్ట నా ముందు పెట్టి, తల వంచుకుని, "బాగున్నరా?" అంది. వీధి మొత్తం నా జవాబు కోసం చూసింది. బాగున్నానన్నాను. మా ఫోన్ సంభాషణకూ దీనికీ పెద్ద తేడా ఏమీ లేదు గానీ, ఆమె కనిపిస్తోంది.

తట్టలో తెల్లటి గొడుగులు కుప్పగా ఉన్నాయి. నేను భూతద్దం తీశాను. దానితో జనంలో గుసగుసలు ఆగిపోయాయి. ఒక్కోదాన్నీ తీసి, తిప్పి, వాసన చూసి, ఊఁ అని పెట్టాను. నిజం చెప్పాలంటే నాకన్నీ ఒక్కలాగే కనబడ్డాయి. చివరికి తల పంకించి, "వీటిని ఇప్పుడే తేల్చలేం మామా. సిద్ధబీజాల పరీక్ష చేయాలి. దానికి ఒక రాత్రి పడుతుంది," అన్నాను. మామగారు కోర్టు తాత వైపు చూశారు. "వాయిదా అన్నట్టు," అన్నారు కోర్టు తాత. ఆయనకు అది కొత్త సంగతి కాదు. అయితే నాకు సాయానికి ఒకరు కావాలని, ల్యాబు పని తెలియనివాళ్ళు చేస్తే అచ్చు చెడిపోతుందని, ఇంట్లో ఇంటర్ దాకా చదివినవాళ్ళెవరున్నారని అడిగాను. ఎవరున్నారో నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. "అమ్మాయీ, నువ్వు కూసో బిడ్డా," అన్నారు మామగారు.

అలా మా ఆవిడా నేనూ ఆ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, వీధంతా చూస్తుండగా, పుట్టగొడుగుల కాడలు కోశాం. ఆమె కాగితం పరిస్తే నేను గొడుగు బోర్లించాను, నేను గొడుగు సరిచేస్తే ఆమె గిన్నె మూసింది. గిన్నె గిన్నెకూ మా వేళ్ళు తగలాల్సిన అవసరం పుస్తకంలో ఎక్కడా రాయలేదు, అయినా తగిలాయి. కొత్త కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అదేనని చెప్పాలి. ఇంట్లో గిన్నెలు అయిపోయాక కూడా నేను ఇంకా కావాలన్నాను. "రేపు పొద్దుగాల చాయ్ దేంట్ల తాగాలె, అల్లుని అడుగు," అంది తలుపు వెనక గొంతు. అక్కడితో ఆపాను. మా ఆవిడ పమిట అంచు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసం ఆ జిల్లాలో ఉన్న గొడుగులన్నీ బోర్లించేవాణ్ణి. రాత్రికి మాత్రం నా మంచం అరుగు మీదనే వేశారు, నా పక్కనే మామగారు తన మంచం వేసుకున్నారు. కాపలా గిన్నెలకో నాకో ఆయన చెప్పలేదు.

పొద్దున్నే మళ్ళీ జనం చేరారు. నేను మొదటి గిన్నె తీసి, గొడుగు మెల్లగా పైకెత్తాను. కాగితం మీద గుండ్రంగా, నడుమ నుంచి అంచుల దాకా సన్నసన్నని గీతలతో, లేత గులాబీ రంగు అచ్చు పడి ఉంది. నేను నిజంగానే నోరు తెరిచాను. పుస్తకంలో రాసింది బయట కూడా జరుగుతుందని నాకు అప్పటిదాకా అనుమానం. రెండోదీ గులాబీయే. మూడోది ఎత్తితే ఆకుపచ్చ. పాచి పట్టిన నీళ్ళ రంగు. గబగబా అన్నీ ఎత్తాను. గులాబీవి ఒక పక్క పెట్టాను, పచ్చవి ఒక పక్క పెట్టాను. ఇప్పుడు పక్కపక్కన చూస్తే అవి రెండు జాతులని గుడ్డివాడు కూడా చెబుతాడు. గులాబీ అచ్చు పడినవాటి నెత్తి మొనదేలి ఉంది, గిన్నెల పక్కనే కోసిపెట్టిన వాటి కాడలు చూస్తే అడుగున సన్నగా పొడుగ్గా తోకలా వేరు ఉంది, దానికి ఎర్రటి పుట్టమన్ను. పుస్తకం తిప్పి చూస్తే అవి మంచివి. పచ్చవాటి కాడ అడుగు ఉబ్బి ఉంది, తోక లేదు. దానికి అంటుకున్నది పుట్టమన్ను కాదు. పేడ, జొన్నచొప్ప ముక్కలు. అవి తింటే వాంతులతో దవాఖానకు పోవాల్సిందే.

అప్పుడు నేను తలెత్తాను. అరుగు పక్క నుంచి ఇంటి వెనకకు పోయే సందు కనబడుతోంది. సందు చివర పెంటకుప్ప. ఆ కుప్ప మీద, వానకు తడిసి, తెల్లగా, అవే గొడుగులు ఇంకా నాలుగు నిలబడి ఉన్నాయి. జీవితంలో మొదటిసారి నేను సొంతంగా ఒక విషయం కనిపెట్టాను. లేచి నిలబడ్డాను. "ఇవి గుట్ట కిందివి కావు," అన్నాను గొంతు పెంచి. "ఇవి తట్టలోకి ఎలా వచ్చాయో నేను చెబుతాను. మామా, ఈ తట్ట మీరు తెచ్చి ఎవరి చేతికిచ్చారు?" మామగారు బిత్తరపోయి, "అమ్మాయి చేతికిచ్చిన. అమ్మాయి తీస్కపోయి జరసేపటికి మీ అత్తకిచ్చింది," అన్నారు. "మధ్యలో ఇంకెవరూ ముట్టుకోలేదా?" "లే." కోర్టు తాత కర్ర పక్కన పెట్టి ముందుకు వంగారు, ఆయన జీవితంలో ఇంత మంచి విచారణ చూసి ఉండరు. నేను విజయగర్వంతో చేయి చాపి పెంటకుప్ప వైపు తిరగబోతూ, దారిలో మా ఆవిడ మొహం చూశాను.

ఆమె నన్నే చూస్తోంది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె నన్ను అంత సూటిగా చూడలేదు. ఆ చూపులో భయం లేదు, సిగ్గూ లేదు. ఇంత చదువుకున్నవాడు ఇంత మొద్దుగా కూడా ఉండగలడా అన్న ఆశ్చర్యం మాత్రం ఉంది. నా చేయి గాల్లోనే ఆగింది. తట్ట ఆమె చేతిలో ఉన్న ఆ కాసేపట్లో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, బాటనీ చదివిన మొగుణ్ణి ఆషాఢంలో ఊరికి రప్పించడానికి ఇంతకన్నా మంచి దారి ఏముందో, అన్నీ ఒక్కసారే నా తలకెక్కాయి. ఒక పక్క నేను కనిపెట్టిన సత్యం నాలుక చివర ఉంది. ఇంకో పక్క ఆ సత్యాన్ని నా కోసమే తట్టలో వేసి పంపిన మనిషి నిలబడి ఉంది. శాస్త్రవేత్తలు సత్యం కోసం ప్రాణాలిచ్చారని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. నాకు ఇవ్వబుద్ధి కాలేదు.

"గాలి," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. "ఇవి వేరే చోటి జాతి. వీటి సిద్ధబీజాలు గాలికి కొట్టుకొచ్చి పుట్టల పక్కనే మొలుస్తాయి. ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా పోల్చుకోలేరు. మామా, మీరు తెంపినవి మంచివే. అత్తమ్మ అనుమానించడమూ మంచిదే." ఇంతవరకూ చెప్పి, బలానికి ఒక లాటిన్ పేరు కూడా చేర్చాను. కానీ కోర్టు తాత ఊరుకునే రకం కాదు. "గాలికి వస్తె మరి పేడ ఎట్ల అంటుకున్నది?" అన్నారు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. "పసులు గుట్టకు మేతకు పోతాయి కదా తాతా," అన్నాను. ఆయన ఆలోచించి, ఒప్పుకుంటున్నట్టు తలూపారు. మామగారు, "మా పసులు దినాం గుట్టకే పోతయ్, నేను ముందే చెప్పలే?" అని అందరి వైపూ చూశారు (ఆయన ఏమీ చెప్పలేదు). తలుపు వెనక నుంచి గాజులు కదిలాయి. "అల్లుని సదువు పెద్దది. మా పసులు యాడ పేడ ఏస్తయో మాకన్న బాగ ఎరుకున్నది," అంది అత్తగారి గొంతు. అది మెచ్చుకోలని అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇక మంచివాటిని ఏరి వండుకోండి అని నేను తీర్పు చెబుదునా, తట్ట తెచ్చి చూస్తే రాత్రికి రాత్రి మిగిలినవన్నీ మెత్తబడి, పురుగు పట్టి, వాసన వేస్తున్నాయి. నిజం తేలింది గానీ కూర లేదు. తట్టను అలాగే తీసుకెళ్ళి పారబోశారు.

పరీక్ష అయిపోయాక పరీక్షకుడికి అక్కడేం పని. మధ్యాహ్నం లోపలే నన్ను సాగనంపారు. మా ఆవిడ టిఫిన్ డబ్బా ఒకటి తెచ్చి అరుగు దిగువన నా చేతికిచ్చింది. "అమ్మ ఇచ్చింది. బస్సెక్కినంక విప్పుమన్నది," అంది. తర్వాత గొంతు తగ్గించి, "మల్ల వాన వడితె ఫోన్ చేపిస్తదట," అంది. "ఇంకెందుకు? ఈ జాతి సంగతి తేలిపోయింది కదా," అన్నాను నేను. ఆమె నా వైపు కాసేపు చూసి, "ఏమో మరి, మీ ఇష్టం," అని వెళ్ళిపోయింది. నాగర్‌కర్నూల్ బస్టాండులో వనపర్తి బస్సు కోసం కూర్చుని ఆ డబ్బా విప్పాను. పైన జొన్న రొట్టెలు, కింద పుట్టగొడుగుల కూర. ముక్కలు వేలితో కదిపి చూశాను, సన్నగా, పొడుగ్గా, తోకలున్న కాడలు. తట్ట అరుగు మీదికి రాకముందే అత్తమ్మ మంచివి కొన్ని ఏరి దాచుకుని, మేమంతా గిన్నెలు బోర్లిస్తుండగా లోపల వండి పెట్టేసింది. అంటే కూతురు తట్టలో ఏం కలిపిందో కూడా చూసిన మరుక్షణమే పోల్చుకుని ఉంటుంది. చూసి, 'అల్లుణ్ణి అడగండి' అంది. నా భూతద్దాన్నీ, నా గాలినీ, మా వేళ్ళనూ, తలుపు సందులోంచి అన్నీ చూస్తూనే ఉండి ఉంటుంది. నేను తల వంచుకుని, ఏ పరీక్షా పెట్టకుండా, డబ్బా తుడిచి తిన్నాను. అంత రుచి నేను మళ్ళీ ఎరగను.

గద్వాల చేరాక, ఆ ఆషాఢంలో ఆకాశం వైపు నా అంత ఆత్రంగా చూసిన రైతు ఆ చుట్టుపక్కల ఉండడు. పత్తి విత్తనాలు వేసినవాళ్ళు కూడా రోజుకు ఒకటి రెండుసార్లు చూసి ఊరుకునేవారు. నేను క్లాసు మధ్యలో కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఫోన్ మోగితే ఆఫీసు దాకా పరిగెత్తేవాణ్ణి, అది ఎవరో ఫీజుల గురించి చేసిన ఫోన్ అయ్యేది. సాయంత్రం బూత్‌కు వెళ్ళి, మామగారు ఎత్తగానే ఆయన కన్నా ముందు నేనే, "మామా, వాన పడిందా?" అని అడిగేవాణ్ణి. అల్లుడికి వ్యవసాయం మీద ఇంత ధ్యాస ఎప్పుడొచ్చిందని ఆయన మురిసిపోయేవారట. వాన మాత్రం శ్రావణం వచ్చేదాకా మళ్ళీ పడలేదు.

ఇప్పుడు మేం వనపర్తిలో ఉంటున్నాం. పుట్టగొడుగులు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తున్నాయి, వాటిని పరీక్షించమని నన్నెవరూ అడగరు. ఆషాఢమైనా మాఘమైనా మా ఇద్దరిదీ ఒకటే గడప. ఆమెను చూడాలంటే నాకు ఏ తాత తీర్పూ అక్కర్లేదు. అందుకేనేమో, కొన్ని రోజులు ఇద్దరం ఒకే ఇంట్లో తిరుగుతూ, కరెంటు బిల్లు గురించీ గ్యాసు గురించీ మాట్లాడుకుని పడుకున్నాక, ఇవాళ ఈమె ఏ చీర కట్టుకుందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాదు. ఒక్క పూట చూడటం కోసం మూడు బస్సులు మారి, రాని విద్యను సంచిలో వేసుకుని పోయిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే వాడి మీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది. మొన్న సాయంత్రం వాన పడుతుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆమెనే చూస్తున్నాను. "ఏంది గట్ల చూస్తున్నరు?" అంది. "ఏం లేదు, నిన్నే," అన్నాను. "ఎంటికలు తెల్లగైనయ్ గదా, రంగు ఏసుకోవాలె, యాదికే ఉంటలేదు," అని చెంపల దగ్గర సవరించుకుంది. అందుకు కాదని చెప్పేలోపు కుక్కర్ కూసింది, ఆమె అటు తిరిగింది.